తెర వెడల్పు పుట్టుపూర్వోత్తరములు

సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గాని, మఱి యే యూరి కంప్యూటర్ల యంగడిలో గాని, మానిటరు కొనవచ్చిన గృహస్థు మొట్టమొదట నడుగు ప్రశ్న "ఎన్ని అంగుళాలు?" అనునదే. అంగడివాడు 22 అనియో 24 అనియో చెప్పును. ఇరువురును తృప్తి నొందుదురు. ఆ యంకె తెర వెడల్పును గాని యెత్తును గాని తెలుపక, ఒక మూలనుండి యెదుటి మూలకు లాగిన కర్ణమును మాత్రమే తెలుపుచున్నదనియు, కర్ణ మొక్కటియే యైనను తెర అడ్డముగ సాగిన కొలదియు దాని వైశాల్యము తరిగిపోవుననియు జ్యామితి చదివిన బాలుడైనను చెప్పగలడు గాని, బేరమాడు వేళ జ్యామితి యెవ్వరికి స్ఫురించును? తొలినాటి టెలివిజను గొట్టముల ముఖములు గుండ్రముగ నుండెడివి. వృత్తమునకు వ్యాస మొక్కటి చెప్పిన చాలును. గొట్టపు ముఖము నలుపలకలై, తరువాత గొట్టమే యంతరించి పలుచని పలక వచ్చినను, ఆనాటి కొలత మాత్రము కదలక నిలిచెను.

మనుష్యునకు రెండు కన్నులును ప్రక్కప్రక్కన నుండుటచేతనే తెరలు అడ్డముగ సాగినవని వ్యాపార ప్రకటనలు చెప్పుచుండును. వినుటకిది యింపుగనే యున్నది. కాని చరిత్రను తిరుగవేసి చూచితిమా, తెర యాకారమును నిర్ణయించినది కన్ను గాదనియు, ముడిసరకును దానిని కోసిన కత్తియు ననియు తేటపడును. తాటియాకు సన్నగా, పొడవుగా నుండుటచేత గదా మన పూర్వుల గ్రంథములకు ఆ యాకార మబ్బినది. తెర కథయు నట్టిదే.

1890 ప్రాంతమున అమెరికాలో ఎడిసను ప్రయోగశాలయందు చలనచిత్ర యంత్రమును రూపొందించు భారము డిక్సను అను సహాయకునిపై బడెను. ఆయన ఈస్ట్‌మన్ కర్మాగారమువారి 70 మి.మీ. ఫిల్మును నిలువున రెండుగా చీల్చి 35 మి.మీ. పట్టీగ జేసికొని, దాని కిరుప్రక్కల రంధ్రములు పొడిపించి, ఒక్కొక్క బొమ్మకు నాలుగేసి రంధ్రముల యెత్తు కేటాయించెను. రంధ్రములు పోగా బొమ్మకు మిగిలిన చోటు వెడల్పున ఒక అంగుళము, ఎత్తున ముప్పాతిక అంగుళము. ప్రపంచ మంతయు అరువదేండ్లకు పైగా శిరసావహించిన 4:3 నిష్పత్తి యిట్లు పుట్టినది. 1909 నాటికి చిత్రనిర్మాత లందఱును ఆ ఫిల్మునే ప్రమాణముగ నంగీకరించిరి.

అటుపిమ్మట బొమ్మకు మాట వచ్చెను. శబ్దరేఖ ఫిల్ము అంచున కొంత చోటాక్రమింపగా బొమ్మ దాదాపు చతురస్రమై కురచ బారినది. మన తొలి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద" వెలువడిన 1932వ సంవత్సరముననే హాలీవుడ్డు అకాడమీవారు బొమ్మకును బొమ్మకును నడుమ నల్లగీతను దళసరి చేసి, ఎత్తు తగ్గించి, వెడల్పు ఎత్తునకు 1.37 రెట్లు గల నిష్పత్తిని స్థిరపఱచిరి. పోయిన పాత యాకారమును వారు ఫిల్ములో కొంత భాగమును వృథా చేసియైనను తిరిగి తెచ్చుకొనిరన్నమాట, అలవాటు బలమట్టిది. ఇంతకు రెండేండ్ల ముందు రష్యను దర్శకుడు ఐసెన్‌స్టయిన్ హాలీవుడ్డుకు వచ్చి, నిలువు వస్తువులకును అడ్డు వస్తువులకును సమానముగ చోటిచ్చునది చతురస్రమే గనుక తెరయు చతురస్రముగ నుండవలెనని వాదించెను. వినినవారు విని యూరకుండిరి.

టెలివిజను పుట్టినప్పుడు దానికి ప్రత్యేకమైన యాకార మెవ్వరును వెదకలేదు. సినిమా కున్నదే దానికి నిచ్చిరి. 1941లో అమెరికావారు నిర్ణయించిన 525 గీతల ప్రమాణము 4:3 నిష్పత్తితోనే వెలసెను. ఇక్కడ నొక విచిత్రము జరిగినది. సినిమా పోలికతో పుట్టిన టెలివిజనే యింటింట చేరి సినిమాహాళ్లను ఖాళీ చేయసాగెను. ఇంట చూడరాని దేదో హాలులో చూపిన గాని బ్రదుకు లేదని తలంచిన నిర్మాతలు 1952లో మూడు ప్రొజెక్టర్లతో సినిరామాను, 1953లో "ది రోబ్" చిత్రముతో సినిమాస్కోపును దింపిరి. సినిమాస్కోపునకు మూలమైన కటకమును ఆంరీ క్రెత్యాఁ అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు 1920లలోనే నిర్మించి యుంచెను. అది విశాల దృశ్యమును అడ్డముగ సగమునకు నొక్కి మామూలు ఫిల్ముమీద పట్టించును, ప్రదర్శనవేళ మరల సాగదీయును. నక్షత్రములు చూచువాని కటకము పాతికేండ్లు మూలబడియుండి, టెలివిజను భయము పుట్టినప్పుడు గాని వెలికి రాలేదు!

తెలుగునాట సినిమాస్కోపు తెర 1974లో "అల్లూరి సీతారామరాజు"తోను, 70 ఎం.ఎం. 1986లో "సింహాసనం"తోను వచ్చినవి; రెండింటను నాయకుడు కృష్ణయే. ఈ వెడల్పు మోజు ఎంత దూరము పోయినదనగా, 1957 నాటి "మాయాబజార్"ను 2010లో వర్ణచిత్రముగ మార్చి విడుదల చేసినప్పుడు దానినిగూడ స్కోపు తెరకు సరిపుచ్చిరి. 1.37 నిష్పత్తిలోని బొమ్మను వెడల్పు చెడకుండ స్కోపునకు తగినట్లు 2.35 చేయవలెనన్నచో ఎత్తున నూటికి నలుబది పాళ్లు కోయక తప్పదు. మార్కస్ బార్ట్‌లే కెమెరాతో పొందికగ నమర్చిన చట్రమునుండి అంత భాగము నెగురగొట్టుట యే వర్ణశోభకును తగిన మూల్యము గాదని నా యభిప్రాయము.

ఇట్లు ఇంట నొక యాకారము, హాలున వేఱొక యాకారము వ్యాపించియుండగా, 1980లలో నూతన టెలివిజను ప్రమాణమును గూర్చి చర్చ వచ్చెను. అమెరికను ఇంజనీరు కెర్న్స్ పవర్స్ అప్పటికి వాడుకలో నున్న 1.33 మొదలు 2.35 వఱకు గల నిష్పత్తులతో సమాన వైశాల్యము గల దీర్ఘచతురస్రములు గీసి, వాని కేంద్రములను కలిపి, ఒకదానిపై నొకటి పేర్చి చూచెను. అన్నింటిని చుట్టివచ్చు వెలుపలి చట్రమును, అన్నింటికిని ఉమ్మడియైన లోపలి చట్రమును ఒక్క నిష్పత్తిలోనే యుండెను: సుమారు 1.77. అదియే 16:9. నాలుగును మూడును తమతో తాము గుణించుకొన్న పదునాఱును తొమ్మిదియు నగుట గణితప్రియులకు ముచ్చట గొల్పును. ఫలితమేమన, పాత 4:3 చిత్రమును ఈ తెరపై చూచినను, సినిమాస్కోపు చిత్రమును చూచినను, ఇంచుమించు నాలుగవ వంతు తెర నల్లగ మిగిలిపోవును. అనగా 16:9 ఎవ్వరికిని పూర్తిగ నచ్చిన యాకారము గాదు. ఉభయపక్షములకును సరిసమానముగ నష్టము పంచిన మధ్యవర్తి తీర్పు.

ఇక కంప్యూటరు కథ. అక్షరముల పనికి వాడు యంత్రమునకు సినిమా తెరతో నేమి సంబంధమని మొదటివారికే తోచినది. 1973లో జిరాక్సు సంస్థవారు పాలో ఆల్టోలో నిర్మించిన ఆల్టో యంత్రపు తెర అడ్డముగ 606, నిలువున 808 చుక్కలు గలది. కాగితమువలె నిలువుగ నిలిచిన తెర. న్యాయమైన యాకారమదియే. కాని టెలివిజను గొట్టములు లక్షలకొలదిగ తయారై చౌకగ దొరకుచుండగా నిలువు తెర నెవ్వడు చేయించును? తక్కిన యంత్రములలో పెక్కు 4:3 గొట్టములనే తగిలించుకొనెను. అక్షరముల వరుసకు ఎనుబది గళ్లను మాత్రము 1928 నాటి ఐ.బి.యం. చిల్లుల కార్డులనుండి యెరువు తెచ్చుకొనెను. 1981లో వచ్చిన ఐ.బి.యం. పీసీ రంగుల తెరపై చుక్కలు 320 అడ్డము, 200 నిలువు; వీనిని 4:3 గాజునకు సాగదీయుటచే ఒక్కొక్క చుక్క వెడల్పుకంటె ఎత్తు ఎక్కువదయ్యెను. అడ్డమునను నిలువునను సమానముగ చుక్కలు లెక్కించి వృత్తము గీసినచో తెరపై నిలువుగ నిలబెట్టిన కోడిగ్రుడ్డు ప్రత్యక్షమగుచుండెను. 1987లో 640, 480 చుక్కల వీజీఏ వచ్చినతోడనే ఆ పీడ విరగడయ్యెను.

గాజుగొట్టములు పోయి ఎల్.సి.డి. పలకలు వచ్చిన తరువాత, 17, 19 అంగుళముల 5:4 తెరలు కార్యాలయములందు కొంతకాల మేలినవి. పిదప 16:10 వచ్చినది. 1920, 1200 చుక్కల యా తెరపై పనిచేసినవారు దానిని నేటికిని మఱవలేదు. 2008 మొదలు కర్మాగారములవారు టెలివిజనులకును మానిటర్లకును ఒకే గాజుపలకనుండి యొకే యాకారమున ముక్కలు కోయుట లాభసాటియని గ్రహించి 16:9నే అంగళ్ల నిండ నింపిరి. ఎత్తున 1200 చుక్కలు 1080కి దిగినవి. 19 అంగుళముల 5:4 తెర వైశాల్యము 176 చదరపు అంగుళములు. అదే 19 అంగుళముల 16:9 తెరది 154. పేరు మారలేదు, సరకు తగ్గినది. తూకపురాళ్లు తనిఖీ చేయు అధికారి తెరల యంగడికి రాడు గదా!

ఈ నష్టము తెలుగు వ్రాయువారికి మఱింత హెచ్చు. మన లిపిలో తలకట్టును గుడిదీర్ఘమును అక్షరము నెత్తినెక్కును, వత్తులు క్రిందికి వ్రేలాడును. అందుచే వరుసకును వరుసకును నడుమ ఇంగ్లీషుకంటె నెక్కువ యెడము విడువవలెను, తెరపై కనబడు వరుసలు తగ్గిపోవును. డి.టి.పి. పనిలో మునిగి ప్రూఫులు దిద్దువారికిది నిత్యానుభవము. ఏ4 కాగితము ఎత్తు 11.7 అంగుళములు. 24 అంగుళముల 16:9 తెర యెత్తు 11.8, పేజీ నిజమైన కొలతలో నిలిపినచో మెనూలకు వెండ్రుకవాసి చోటు మిగులదు. అదే 24 అంగుళముల 16:10 తెర యెత్తు 12.7, పేజీ నిలిచి, పైన అంగుళము మిగులును.

కొంతకాలముగ గాలి యెదురు తిరిగినది. 2013 మొదలు 3:2 తెరల ల్యాప్‌టాపులును, పిదప 16:10వియును మరల కనబడుచున్నవి. జపానులోని ఐజో సంస్థవారు 1920కి 1920 చుక్కలు గల చతురస్రపు మానిటరునే యమ్మిరి. ఐసెన్‌స్టయిన్ వాదము ఎనుబదియేండ్ల తరువాత లెక్కల గుమాస్తాల బల్లమీదికి చేరెను! మఱియొక ప్రక్క 21:9 అను మిక్కిలి వెడల్పు మానిటర్లును వచ్చినవి. వీడియో కూర్పరులకును, రెండు మూడు కిటికీలు ప్రక్కప్రక్కన తెఱచుకొని పనిచేయువారికిని అవి మేలే.

కాబట్టి చదువరీ, మానిటరు కొనబోవునపుడు కర్ణ మడిగి యూరకుండక, ఎత్తెన్ని అంగుళములని యడుగుము. చెప్పలేకున్నచో టేపు తీసి కొలువుము. వ్రాతపని ముఖ్యమైనచో 16:10 గాని 3:2 గాని దొరకినంతవఱకు 16:9 కొనకుము. అది తప్పనిచో 27 అంగుళములకు తగ్గకుము, లేదా నిలువుగ త్రిప్పుటకు వీలైన స్టాండు గలదానిని తీసికొనుము. సినిమాలకే యైనచో 16:9కి వంక లేదు. కర్ణము పెరిగినంతమాత్రమున ఎత్తు పెరుగదని మఱవకుము: 27 అంగుళముల 16:9 తెర యెత్తు 13.2 అంగుళములు; 34 అంగుళముల 21:9 తెర యెత్తును ఇంచుమించు అంతే.