సముద్రం పక్కన జిరాక్స్ షాపు

డిసెంబరు సాయంత్రం, విశాఖ ఆర్కే బీచ్. ఐదు దాటిందో లేదో సూర్యుడు భవనాల వెనక్కి జారుకున్నాడు. సముద్రం మీద ఇంకా వెలుతురుంది, రోడ్డు మాత్రం అప్పుడే మసకబారింది. పిట్టగోడ మీద కాళ్లు వేలాడేసి కుర్రాళ్లు వరసగా కూర్చున్నారు. చేతిలో పుస్తకం లేదు, పనీ లేదు, ఎవరి కోసమూ ఎదురుచూపూ లేదు. ఊరికే కూర్చున్నారంతే.

మీ ముందు నలుగురు ఇంటర్ అమ్మాయిలు నడుస్తున్నారు, బ్యాగులు వీపున కాకుండా గుండెలకు హత్తుకుని. కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్తారు, అక్కణ్ణించి మళ్లీ గుడి దాకా వస్తారు. ఎక్కడా కూర్చోరు. కూర్చుంటే ఎవరో ఒకరు చూస్తారు. నడుస్తుంటే ఎక్కడికో వెళ్తున్నట్టే లెక్క.

మురీ మిక్చర్ బండి దగ్గర మాత్రం ఆగారు. బండాయన ఉల్లిపాయ, మామిడికోరు, కారం వేసి డబ్బాలో గరిటె టకటకలాడిస్తున్నాడు.

"ఒసే, నిమ్మకాయ గట్టిగా పిండమనవే!"

రెండు పొట్లాలు, నాలుగు చేతులు. ఒక పిల్ల ఏదో అంది. మిగతా ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అంతలో ఒకమ్మాయి ఫోను మోగింది. నవ్వు టక్కున ఆగింది. ఆ అమ్మాయి సముద్రానికి వీపు పెట్టి, కెరటాల హోరు వినపడకుండా ఫోను చుట్టూ అరచెయ్యి అడ్డుపెట్టుకుంది.

"ఆఁ అమ్మా... జిరాక్స్ షాపు కాడే ఉన్నాం. రష్షుగా ఉంది. వచ్చేస్తన్నా."

పిట్టగోడ మీది కుర్రాళ్లకు ఏ జిరాక్సూ అక్కర్లేదు.

తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని 1990లలో వియన్నా నగరపాలకులు గమనించారు. 1999లో రెండు పార్కుల రూపు మార్చారు, వాలీబాల్‌కీ బాడ్మింటన్‌కీ చోటిచ్చారు. అమ్మాయిలు తిరిగొచ్చారు. ఇక్కడ బీచ్ రోడ్డుకు ఎన్ని సొగసులు చేసినా, ఆడపిల్ల ఇంట్లో చెప్పే కారణం మాత్రం ట్యూషనో, గుడో, జిరాక్సో.

"ఆదివారం మా డాబా మీదకి వచ్చేయండే," అంటోంది ఒకతి.

"మీ కిందింటి ఆంటీ ఊరుకుంటాదేటి? పైన ఏం పనని అడగదూ?"

"నీళ్ల ట్యాంకు ఎనకాల కూకుందాం. అక్కడికెవరూ రారు."

ఆదివారానికి చోటు దొరికింది. వీధి దీపాలు వెలిగాయి. పొట్లాల అడుగున మిగిలిన పల్లీల కోసం చిన్న కొట్లాట నడుస్తోంది. వాళ్లలో ఎవరైనా మీకు తెలిసిన పిల్లయితే, చూడనట్టు పక్కనుంచి వెళ్లిపోండి. రాత్రి వాళ్లింటికి ఫోన్ చేసి మాత్రం చెప్పకండి.