ఇరవైలో ఒక వంతు: 0.05 పుట్టుపూర్వోత్తరాలు

వైద్య పరిశోధనలో మందు గెలిచిందో ఓడిందో తేల్చే 0.05 అనే గీతకు పుట్టిల్లు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం. 1919లో అక్కడ చేరిన గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్‌కు ఏళ్లనాటి గోధుమ దిగుబడుల లెక్కలు, ఎరువుల ప్రయోగాల వివరాలు అప్పగించారు. ఎరువు వేసిన మడిలో పంట కాస్త ఎక్కువ వస్తే అది ఎరువు చలవా, నేలలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులా? ఎరువుకు ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు కూడా కాకతాళీయంగా అంత లేదా అంతకు మించిన తేడా వచ్చే అవకాశం (దీన్నే పి-విలువ అంటారు) ఇరవైలో ఒక వంతుకన్నా, అంటే 0.05 కన్నా తక్కువైతే ఆ తేడాను పట్టించుకోవచ్చని ఫిషర్ 1925లో తన పుస్తకంలో రాశారు. సరిగ్గా ఆ అంకెనే ఎందుకు ఎంచుకున్నారంటే, లెక్కకు వీలుగా ఉంటుందని! పైగా ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పమనలేదు. మళ్లీ మళ్లీ చేసినా ఫలితం నిలబడితేనే నమ్మాలన్నారు.

క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన 1948 నాటి ప్రయోగం తర్వాత వైద్యంలో గణాంకాల పెత్తనం పెరిగింది. మళ్లీ మళ్లీ చేసి చూడాలన్న ఫిషర్ షరతు మాత్రం వెనకబడింది. 0.04 వస్తే మందు పనిచేసినట్టు, 0.06 వస్తే పనికిరానట్టు! ఇది అన్యాయం. కొద్దిమంది రోగులతో చేసిన పరీక్షలో నిజమైన మేలు కూడా గీత దాటకపోవచ్చు. వేలమందితో చేస్తే, రోగికి అక్కరకు రాని చిన్న తేడా కూడా దాటేస్తుంది.

ఒకే సమాచారాన్ని పదిరకాలుగా విడదీసి చూడడం ఇంకా ప్రమాదం. 1988లో వెలువడిన ఐసిస్-2 ప్రయోగంలో గుండెపోటు వచ్చిన 17,187 మంది పాల్గొన్నారు. ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని స్పష్టంగా తేలింది. ఫలితాలను రోగుల వర్గాలవారీగా విడగొట్టమని వాటిని ప్రచురించే వైద్య పత్రికవారు అడిగితే, పరిశోధకులు జన్మరాశుల లెక్క కూడా జతచేశారు. పాశ్చాత్య జ్యోతిషం ప్రకారం మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ కాస్త చెరుపే చేసినట్టు వచ్చింది! అలా ముక్కలు చేస్తే ఎంత అబద్ధం పలుకుతుందో చూపడానికే వాళ్లు ఆ పని చేశారు.

0.05 ఒక్కదాన్నే చూసి నిర్ణయాలు తీసుకోవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో చెప్పింది. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక కూడా నిబంధనలు మార్చింది. ముందే ప్రకటించిన ప్రణాళిక లేకుండా చేసే విశ్లేషణల్లో పి-విలువకు బదులు, మేలు ఎంత, అది ఏ హద్దుల మధ్య ఉండొచ్చు అన్నవి రాయమంటోంది. రోగి అడిగేది కూడా అదే.