ఒక్కరూ ఫెయిల్ కాని పరీక్ష

2014 జూన్ 20న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు, మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఒక లెక్క ఒప్పజెప్పింది. శాఖలో పై శ్రేణి అధికారులు 470 మంది. గడిచిన ఏడాది పనితీరు మదింపులో అందరూ పాస్. నాలుగేళ్లుగా ఇదే వరస. నూటికి 65 మందికి బోనస్ ముట్టింది. మొత్తం 27 లక్షల డాలర్లు.

మామూలు రోజుల్లో ఈ అంకెల్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అప్పటికి మూడు వారాల కిందటే ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్సెకి రాజీనామా చేసి వెళ్లారు. శాఖ నడిపే ఫీనిక్స్ ఆసుపత్రిలో డాక్టర్ కోసం కాచుకున్న 1,700 మంది మాజీ సైనికుల పేర్లు అధికారిక జాబితాలోకే ఎక్కలేదని శాఖ తనిఖీ విభాగం తేల్చింది. 226 మంది కేసులు తిరగేస్తే, తొలి అపాయింట్‌మెంటుకు సగటున 115 రోజులు పట్టింది. ఆసుపత్రి పైకి పంపిన లెక్కలో 24 రోజులే! పధ్నాలుగు రోజుల్లో చూడాలన్నది లక్ష్యం. మార్కులు ఆ లక్ష్యం మీద, బోనస్ ఆ మార్కుల మీద. క్యూ తగ్గించడం కన్నా దాన్ని దాచెయ్యడమే తేలికైపోయింది.

ఆగస్టు 7న ఒబామా సంతకం చేసిన చట్టం, శాఖ ఉద్యోగులందరికీ కలిపి ఏటా ఇచ్చే అవార్డులు, బోనస్‌లు 36 కోట్ల డాలర్లు దాటకూడదంది.

అసలు ఈ బోనస్ పుట్టుకే ఒక బేరం. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సివిల్ సర్వీసు సంస్కరణ చట్టం తెచ్చి, ప్రభుత్వ శాఖలన్నిట్లోని పెద్ద అధికారులతో అన్నదిదీ: ఉద్యోగ భద్రత కాస్త వదులుకోండి, బాగా పనిచేస్తే జీతంలో 20 శాతం దాకా అదనం. ఒక్కో సంస్థలో సగం మందికి ఇవ్వొచ్చు. 1979 జూలైలో ఆ అధికారుల కోసం కొత్త సర్వీసు మొదలైంది. వాళ్ల జీతాలేమో 50,112 డాలర్ల గరిష్ఠ పరిమితికి కొట్టుకుని అక్కడే ఆగిపోయాయి. ఎదుగూ బొదుగూ లేని ఆ జీతాలకు బోనస్ ఒక్కటే ఊరట.

ఏడాది తిరిగిందో లేదో, నాసా వంటి సంస్థలు పంచిన తొలి బోనస్‌లు చూసి చట్టసభ గుడ్లురిమింది. 1980 జూలైలో సగాన్ని పావుకు కోసింది. సిబ్బంది వ్యవహారాల కార్యాలయం ఇంకాస్త ముందుకెళ్లి 20 శాతం మందికి దించింది. సంతకాలయ్యాక షరతులు మార్చిన ఈ తంతులో నా సానుభూతి అధికారుల వైపే. 1984లో తలల లెక్క మాని, మొత్తం జీతాల్లో 3 శాతాన్ని బోనస్ నిధిగా పెట్టారు. ఈ మార్పులన్నీ డబ్బులోనే, మార్కులు వేసే పద్ధతి జోలికి అవి పోలేదు.

2024 మేలో తనిఖీ విభాగం మళ్లీ తలుపు తట్టింది. అదే మాజీ సైనికుల శాఖ. 182 మంది పై అధికారులకు కోటీ 8 లక్షల డాలర్లు నిబంధనలకు విరుద్ధంగా అందాయి. ఈసారి దాని పేరు బోనస్ కాదు, ‘కీలక నైపుణ్య ప్రోత్సాహకం’.