స్పానిషు లేఖనమున ఊనిక గుర్తు

స్పానిషు నేర్వబూనిన తెలుగువారికి అచ్చులపై నుంచు ఏటవాలు గీటు తొలుత దీర్ఘచిహ్నముగా తోచును. అది దీర్ఘము కాదు, ఊనికకు గుర్తు. ‘తెర్మినొ’ అనుదానిలో మొదటి యక్షరమును ఊని పలికిన ‘అవధి’ యనియు, నడిమిదానిని ఊనిన ‘ముగించుదును’ అనియు, తుదిదానిని ఊనిన ‘ముగించెను’ అనియు నర్థము.

అయినను ప్రతిపదమునకు గీటు లేదు. అచ్చుతోగాని న, స లతోగాని ముగియు పదమున తుదికి ముందరి యక్షరమును, తక్కిన పదములలో తుది యక్షరమును సహజముగా ఊనిక నొందును. ఈ కట్టు తప్పినచోటనే సామాన్యముగా గీటు వలయును. న, స లకీ ప్రత్యేకత యేల? ‘కాస’ (ఇల్లు) బహువచనమున ‘కాసస్’ అగును. ‘అబ్ల’ (మాటాడును) ‘అబ్లన్’ అగును. ప్రత్యయము చేరినను ఊనిక కదలదు.

ఈ సూత్రము మిక్కిలి పాతది కాదు. 1713లో నెలకొన్న స్పానిషు రాజపరిషత్తు 1741లోనే లేఖననియమములను వెలువరించినను, న, స ల నియమము 1880 నాటి వ్యాకరణముననే స్థిరపడెను. అంతకుముందు హలంతనామములకు తుదియూనికయే సహజమని యెంచుటచే ‘నసియోన్’ (జాతి) గీటు లేకయు, ‘కార్మెన్’ అను పేరు గీటుతోను అచ్చగుచుండెడివి. పిదప రెండును తారుమారైనవి.

కావున 1850 ప్రాంతపు గ్రంథమున గీటులేని ‘నసియోన్’ అచ్చుతప్పు కాదు. దానిని నేటి రీతికి దిద్దు పరిష్కర్త కాలనిర్ణయమునకు పనికివచ్చు సాక్ష్యమును చెరుపుచున్నాడు. (మేమును తొలుత అట్లు దిద్దినవారమే.) 1911 వరకు గీటు దాల్చిన ‘ఆ’ యను ఏకాక్షరావ్యయము విషయమును ఇట్టిదే.