కాఫీ గింజలు కలిపేవాడు, పండించేవాడు



పొద్దున్నే మనం తాగే కాఫీ సాధారణంగా ఒక తోట గింజ కాదు, ఒక రకం గింజ కూడా కాదు. రెండు మూడు రకాలు కలిపిన పొడి. దీన్నే బ్లెండ్ అంటారు. బియ్యం వ్యాపారి పాత బియ్యంలో కొత్త బియ్యం కలుపుతాడు చూడండి, అలాంటిదే. ఈ కలపడానికి మూడొందల ఏళ్ళ చరిత్ర ఉంది. మనం వరి, మిర్చి వేసేవాళ్ళమైనా ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటి ఉందని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒకప్పుడు ప్రపంచానికి కాఫీ యెమెన్ దేశంలోని మోఖా రేవు నుంచి వెళ్ళేది. బాబా బూదన్ అనే సూఫీ ఫకీరు మక్కా నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. 1690ల్లో డచ్చివాళ్ళు మన మలబారు తీరం నుంచే మొక్కలు జావా దీవికి పట్టుకెళ్ళారు. అలా యూరప్ వ్యాపారుల దగ్గరికి రెండు రకాల సరుకు చేరింది. మోఖా గింజకి పండు వాసన, పులుపు. జావా గింజకి చిక్కదనం. రెండూ కలిపితే దేని లోటు అది తీర్చుకుంది. ప్రపంచంలో మొట్టమొదటి బ్లెండ్ ఈ మోఖా జావానే అంటారు.

తర్వాత తెగులు దెబ్బ కొట్టింది. 1869లో సింహళంలో కాఫీకి ఆకు తుప్పు తెగులు కనిపించింది. కొన్నేళ్ళలో తోటలు తుడిచిపెట్టుకుపోయి అక్కడి దొరలు తేయాకుకి మారారు. మన దేశంలో, జావాలో కూడా అరబికా దెబ్బతింది. తుప్పుని తట్టుకునే రోబస్టా 1900 ప్రాంతంలో ఆఫ్రికా నుంచి జావాకి వచ్చింది. దిగుబడి ఎక్కువ, చేదు ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు, ధర మాత్రం తక్కువ. అక్కడి నుంచి బ్లెండ్ అంటే రుచి లెక్క ఒక్కటే కాదు, ఖర్చు లెక్క కూడా అయింది. ఇవాళ మన దేశంలో పండే కాఫీలో 70 శాతం దాకా రోబస్టానే.

చికోరీ సంగతి వేరు. అది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. నెపోలియన్ కాలంలో సముద్రం మీద రాకపోకలు ఆగి కాఫీ దొరక్కపోతే ఫ్రాన్సులో దీని వాడకం బాగా పెరిగింది. రంగు, చిక్కదనం ఇస్తుంది, కెఫీన్ ఉండదు. మన ఫిల్టర్ కాఫీకి ఆ రుచి అలవాటైంది. చట్టం ప్రకారం కాఫీ చికోరీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలి. చెప్పి కలిపితే బ్లెండ్, చెప్పకుండా కలిపితే కల్తీ. తేడా అంతే.

ఇప్పుడు రైతు దగ్గరికొద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ మార్కెట్ మూతపడింది. తోటలవాళ్ళు మునిగిపోకుండా 1942లో కాఫీ చట్టం తెచ్చి కాఫీ బోర్డుకి అమ్మకం అప్పగించారు. రైతు తన పంటని బోర్డు పూల్‌కే పోయాలి. అక్కడ రకాన్ని, గ్రేడుని బట్టి అందరి గింజా ఒక రాశి అయ్యేది. బోర్డు అమ్మి, డబ్బు విడతలవారీగా ఇచ్చేది. రేటు పడిపోయినప్పుడు పూల్ కాపాడింది, అది కాదనను. కానీ శ్రద్ధగా పండు ఏరి, కడిగి, ఆరబెట్టినవాడి గింజా, అదే గ్రేడులో పడ్డ పక్కవాడి గింజా ఒకే కుప్ప. ఎవడి గింజ ఏ కప్పులోకి పోయిందో ఎవడికీ తెలీదు. సుమారు యాభై ఏళ్ళు ఇలాగే నడిచింది. 1990ల్లో మెల్లమెల్లగా సడలించి, 1996 నాటికి రైతు తన పంట తానే అమ్ముకునే వీలు ఇచ్చారు. అయితే 2000 ప్రాంతంలో ప్రపంచమంతా రేట్లు కుప్పకూలినప్పుడు ఆదుకోడానికి పూల్ లేదు. స్వేచ్ఛ వచ్చింది గానీ దాంతో పాటే నష్టమూ మన నెత్తికే వచ్చింది.

ఆమధ్య బెంగళూరులో చిన్న చిన్న రోస్టర్లు, అంటే కాఫీ గింజలు వేయించే వ్యాపారులు, పెట్టుకున్న ఒక సమావేశానికి తెలిసినవాళ్ళతో వెళ్ళాను. బల్ల మీద వరసగా కప్పులు. ముందు ఒక్కో గింజ విడివిడిగా. వేడినీళ్ళు పోసి నాలుగు నిమిషాలాగి, పైన తేలిన తెట్టు చెంచాతో విరిచి వాసన చూస్తారు. తర్వాత చప్పుడయ్యేలా జుర్రి మార్కులు రాసుకుంటారు. ఆ తర్వాత దేంట్లో ఎంత కలపాలో గ్రాముల్లో తూచి మళ్ళీ రుచి చూస్తారు. అరబికా, రోబస్టా ఒకేలా వేగవు కాబట్టి కొందరు విడిగా వేయించాకే కలుపుతారు. ఒంటి గింజ పీబెర్రీ గుండ్రంగా ఉండి సమంగా వేగుతుందని దాన్ని వేరే ఉంచుతారు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి ప్రతి తోట గింజలో మంచీ చెడూ నాలుక మీద ఉంది. నా పక్కన నిలబడ్డ కాఫీ రైతు మాత్రం తన గింజ రుచి ఎప్పుడూ విడిగా చూళ్ళేదన్నాడు. ఇంటికి ప్యాకెట్ పొడి కొనుక్కుంటాడట! రేటు ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

మన అరకు కథ దీనికి రెండో వైపు. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లోనే వచ్చింది. 1960ల్లో అటవీ శాఖ తోటలు వేసింది. తర్వాత పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు సాయంతో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియం పాదులతో కలిపి పెంచారు. చాలాకాలం ఆ గింజ కూడా పేరు లేకుండానే కొండ దిగింది. పండు ఎర్రబడ్డాకే కోసి, వేరుగా శుద్ధి చేసి, వేరుగా అమ్మడం మొదలెట్టాక అరకు అనే పేరు పారిస్ దాకా వెళ్ళింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కొండా, ఆ వానా ఎప్పుడూ ఉన్నవే. కలిసిపోకుండా నిలబెట్టింది మనుషులు.

కలపడం తప్పు కాదు. మంచి బ్లెండ్ కూడా ఒక విద్యే. కాకపోతే మన సరుకులో ఏముందో మనకి తెలిశాక కలిస్తే మనకో మాట ఉంటుంది. తెలీకుండా కలిస్తే బస్తా బరువే మిగులుతుంది. వరైనా, మిర్చైనా, పసుపైనా ఇంతే. ఈసారి బాగా వచ్చిన మడి పంట ఒక్క బస్తా అయినా విడిగా కట్టండి. వండి, దంచి, మీరే రుచి చూడండి. మిల్లరు చెప్పకముందే మీ గింజ సంగతి మీకు తెలియాలి.

మీ వైపు ఎవరైనా పంటని విడిగా, తమ పేరుతోనే అమ్ముతుంటే ఎలా మొదలెట్టారో నాలుగు ముక్కలు రాయండి. మిగతావాళ్ళకి పనికొస్తుంది.