సున్న ఎక్కడున్నట్టు?

మా మదనపల్లెకు పోయిన ప్రతిసారీ ఒక పూట హార్స్లీ కొండ ఎక్కిరావడం నాకు అలవాటు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర పేరు ఈ కొండకు స్థిరపడిపోయింది గానీ, చుట్టుపక్కల పల్లెలవారి నోట అది ఏనుగు మల్లమ్మ కొండ. (మదనపల్లె ఆ రోజుల్లో కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో.) ఈసారి గాలిబండ మీద కూర్చుని ఉండగా ఒక చిత్రమైన సంగతి మనసులో మెదిలింది. పందొమ్మిదో శతాబ్దపు సర్వే లెక్కల ప్రకారం ఈ కొండ ఉండవలసిన చోట లేదు. దీనితోబాటు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడా అసలు స్థానానికి నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్నాయి. కొలిచినవారు అజాగ్రత్తపరులా అంటే, వారంతటి జాగ్రత్తపరులు అరుదు. ఈ వైరుధ్యం చరిత్ర పుస్తకాలు చదివినప్పుడు నాకు అంతుపట్టలేదు. ఒక మిల్లింగు యంత్రం నేర్పింది. ముందు ఆ కథ చెప్తాను.

కొన్నేళ్ల కిందట బెంగుళూరు పక్కన ఒక చిన్న కర్మాగారంలో సి.ఎన్.సి. మిల్లింగు యంత్రాలకు సెట్టరుగా ఉండేవాణ్ణి. ఆ యంత్రానికి కళ్లు లేవు. బల్లమీద బిగించిన లోహపు దిమ్మ ఎక్కడ మొదలవుతుందో మనమే చెప్పాలి. ఆ చెప్పడాన్నే వర్క్ ఆఫ్‌సెట్ అంటారు. 'ఈ దిమ్మకు సున్న ఇక్కడ' అని జి54 అనే పట్టికలో రాసుకున్న అంకె అది. దాన్ని కనిపెట్టడానికి ప్రోబ్ వాడతాం. సన్నని పుల్ల చివర చిన్న కెంపు గోళీ. అది అంచుకు తగలగానే యంత్రం తానున్న చోటును గుర్తు పెట్టుకుంటుంది. డేవిడ్ మెక్‌మర్ట్రీ అనే ఇంజనీరు 1972లో, కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్లలోని సన్నని గొట్టాలను కొలవడానికి, ఇలాంటి తాకుడు ప్రోబును తొలిసారి తయారుచేశాడు.

ఒకనాటి ఉదయం తనిఖీ బల్లమీద పన్నెండు దిమ్మలు తిరస్కరించి పెట్టి ఉన్నాయి. రంధ్రాలన్నీ అంచునుంచి ఒక మిల్లీమీటరు ఎక్కువ లోపలికి జరిగాయి. రాత్రి షిఫ్టులో ఉన్నవాడు కుప్పం కుర్రాడు, పనిలో చేరి మూడు నెలలయింది. దిమ్మను సరిగా ఆనించి బిగించలేదని నలుగురిలో వాణ్ణి గట్టిగా మందలించాను. "నేను మాదిరిగానే బిగించినాను గదన్నా" అన్నాడు, అంతే. ఇంకేమీ అనలేదు.

తర్వాత తీరిగ్గా కొలిస్తే రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. పన్నెండు దిమ్మల్లోనూ తప్పు ఒక్కటే, ఒకే దిక్కుకు. బిగింపు లోపమైతే దిమ్మకొక తీరుగా ఉండాలి. అన్నీ ఒకేలా జరిగాయంటే జరిగింది సున్నే. అప్పుడు వ్యాసం తెలిసిన రింగ్ గేజిని బల్లమీద పెట్టి ప్రోబుతో లోపలివైపు కొలిపించాను. కేంద్రం సరిగ్గా వచ్చింది, వ్యాసం మాత్రం రెండు మిల్లీమీటర్లు ఎక్కువ చూపింది. విషయం బోధపడింది. ముందురోజు సాయంత్రం పాత పుల్ల విరిగితే కొత్తది బిగించింది నేనే. పాతదాని గోళీ ఆరు మిల్లీమీటర్లు, కొత్తది నాలుగు. యంత్రం మతిలో ఇంకా పాత వ్యాసార్ధం మూడే ఉంది, నిజమైనది రెండు. రెండు వైపులా తాకి కేంద్రం కనుక్కున్నప్పుడు ఆ తప్పు ఇటూ అటూ కొట్టుకుపోతుంది. ఒక్క అంచునే తాకి సున్న పెడితే మాత్రం మిల్లీమీటరు తేడా అలాగే నిలిచిపోతుంది. దిమ్మలమీద కొలతలు ఒకదానితో ఒకటి ఎంత పోల్చినా అది బయటపడదు, బయటి సాక్ష్యం కావాలి.

సరిగ్గా ఇదే మన దేశపు పటానికి జరిగింది.

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. దానికి యాభై ఏడు రోజులు పట్టింది. అక్కణ్ణుంచి కొండకూ కొండకూ మధ్య కోణాలు చూస్తూ త్రిభుజాలు అల్లుకుంటూ బెంగుళూరు చేరాడు. మా కుప్పం ఆ రెండు పట్టణాల నడుమనే ఉంది. 1804లో బెంగుళూరులో మరో ఆధార రేఖను నేలమీద కొలిచి త్రిభుజాల లెక్కతో పోలిస్తే, ఏడు మైళ్ల పొడవులో తేడా నాలుగంగుళాల లోపే. 1811లో గుత్తి దగ్గర మళ్లీ ఇలాగే సరిచూసుకున్నాడు.

పరికరానికి దెబ్బ తగిలిన సందర్భమూ ఉంది. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి అరటన్ను బరువున్న థియోడొలైటును ఎక్కిస్తుండగా తాడు తెగి అది గోడకు కొట్టుకుంది, వృత్తం వంకరపోయింది. లాంబ్టన్ డేరాలో కూర్చుని సుమారు ఆరు వారాలపాటు దాన్ని తన చేతులతోనే మెల్లమెల్లగా సరిచేశాడు. మా భాషలో ప్రోబు చెడడం అంటే ఇదే. ఇది కంటికి కనిపించే తప్పు, అందుకే దిద్దుకోగలిగాడు.

కనిపించని తప్పు వేరే చోట ఉంది. దేశంలోని రేఖాంశాలన్నిటికీ మూలం నుంగంబాకంలోని మద్రాసు వేధశాల. 1792లో అక్కడ నిలిపిన రాతిస్తంభం మీద తెలుగు శాసనం కూడా ఉంది. గ్రీనిచ్ నుంచి ఆ చోటు ఎంత తూర్పున ఉందో తెలియాలంటే రెండు చోట్ల గడియారాలను పోల్చాలి. తీగలు లేని ఆ రోజుల్లో గురుగ్రహపు చంద్రుల గ్రహణాలవంటివే ఆధారం. సర్వేవారు తీసుకున్న విలువ 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లు. అసలు విలువ 80 డిగ్రీల 14 నిమిషాల 54 సెకన్లు. 2 నిమిషాల 27 సెకన్ల కోణం, అంటే గడియారంలో పది సెకన్లకు కాస్త తక్కువ! మన అక్షాంశం దగ్గర నేలమీద అది సుమారు 4.4 కిలోమీటర్లు. మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య దూరం మాత్రం ఇంచుకైనా చెడలేదు. దేశమంతా ఒక్కసారిగా తూర్పుకు జరిగింది కాబట్టి, ఆధార రేఖలు ఎన్ని కొలిచినా దాన్ని పట్టివ్వలేవు. 1894-96 మధ్య టెలిగ్రాఫు తీగల ద్వారా గడియారాలను పోల్చి రేఖాంశాలను తేల్చాకే ఆ సవరణ ఖాయమయింది. ఆ టెలిగ్రాఫు తీగే వారి రింగ్ గేజి.

ఈ కథలో నాకు నచ్చినదేమంటే, సర్వేవారు ఆ తప్పును దాచలేదు. పాత పటాలు వాడేవారు రేఖాంశంలోంచి ఇంత తీసివేయాలని అచ్చువేసి చెప్పారు. ఆ తప్పు లాంబ్టన్ త్రిభుజాలది కాదు.

నేను అంత త్వరగా ఆ పని చేయలేకపోయాను. లాగు పుస్తకంలో 'స్టైలస్ మార్చాక ప్రోబ్ క్యాలిబ్రేషన్ తప్పనిసరి' అని రాశాను, ఎవరు మరచిపోయారో రాయలేదు. రెండు రోజులు ఆగి, ఎవరూ లేనప్పుడు కుప్పం కుర్రాడితో తప్పు నాదేనని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "ఆ మాట ఆ పొద్దు అందరి ముందర చెప్పింటే బాగుండునన్నా" అన్నాడు.

మరునాడు టీ వేళకు అందరి ముందూ చెప్పాను. పుస్తకంలో ఆ వాక్యం పక్కన నా పేరు కూడా రాశాను.