వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇవ్వాలా, ఫారం ఒక్కటే చాలా?

బహ్రెయిన్‌లో చిన్న వ్యాపారాలు పెట్టుకున్న మనవాళ్ళు వెబ్‌సైట్ చేయించుకునేటప్పుడు తరచూ అడిగే ప్రశ్న ఇది. బుదైయాలో కూర్చుని ఇండియా నుంచి సరుకులు తెప్పించుకునే గృహిణిగా నేను దీన్ని కొనేవాళ్ళ వైపు నుంచి కూడా చూస్తాను.

ఫారం ఎందుకంటే: పేజీలో రాసిన ఈమెయిల్ చిరునామాలను ఏరుకుపోయే ప్రోగ్రాములుంటాయి. ఆ తర్వాత చెత్త మెయిళ్ళు మొదలవుతాయి. ఈ బెడద 1978 మే 3న అర్పానెట్‌లో సుమారు 400 మందికి వెళ్ళిన ప్రకటనతోనే మొదలైంది. ఫారం పెడితే చిరునామా బయటపడదు, ఆర్డర్ నంబరు లాంటి వివరాలు కూడా ముందే వస్తాయి.

ఈమెయిల్ ఎందుకంటే: మనం పంపిన మెయిల్ తేదీ, సమయంతో సహా మన దగ్గరే ఉంటుంది. ఫారంలో రాసింది బటన్ నొక్కగానే మాయమవుతుంది. ఒకసారి నాకొచ్చిన పచ్చడి సీసా పగిలి నూనంతా కారింది. ఆ దుకాణం సైట్‌లో ఫారం తప్ప ఏమీ లేదు. రెండుసార్లు రాశాను, జవాబు లేదు. ఫొటో జతచేసే వీలూ లేదు, రాసినట్టు రుజువూ లేదు.

చట్టం ఏమంటుంది: భారత ప్రభుత్వ వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఆన్‌లైన్ అమ్మకందారు ఈమెయిల్, ఫోన్ నంబర్లు, ఫిర్యాదుల అధికారి వివరాలు సైట్‌లో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. బహ్రెయిన్‌లో 2018 నాటి 30వ నంబరు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2019 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అవసరానికి మించి సమాచారం తీసుకోకూడదు. కాబట్టి టిఫిన్ ఆర్డరు ఫారంలో సీపీఆర్ నంబరు అడగకండి.

వ్యాపారులకు:

• రెండూ పెట్టండి. సొంత జీమెయిల్ కాకుండా వ్యాపారం పేరిట వేరే చిరునామా ఇవ్వండి.

• చిరునామాను బొమ్మగా పెట్టకండి. చూపు లేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు.

• ఫారం నుంచి వచ్చే మెయిల్ కస్టమర్ పేరుతో కాక మీ డొమైన్ నుంచే రావాలి, కస్టమర్ చిరునామా రిప్లై-టూలో ఉండాలి. లేకపోతే నకిలీదనుకుని స్పామ్‌లో పడుతుంది.

• ఫారం నింపినవారికి నకలు వెళ్ళేలా చూడండి. నెలకోసారి మీరే నింపి పరీక్షించండి.

కొనేవాళ్ళకు: ఫారం ఒక్కటే ఉంటే పంపే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. పెద్ద మొత్తమైతే, ఈమెయిల్ లేని సైట్‌లో డబ్బు కట్టే ముందు మరోసారి ఆలోచించండి.